తెర మీద ఏముందో చెప్పు

కంప్యూటరు డబ్బాలో పంకా గుర్రుమని లేచింది. అత్త తల కాస్త పక్కకు వంచి వింది. ఈ చప్పుళ్ళ వరస ఆమెకు కంఠతా వచ్చు. పంకా లేస్తుంది, కాసేపటికి సర్దుకుంటుంది, ఆ తర్వాత చిన్న రాగం మోగి తెర తెరుచుకుంటుంది. ఇవాళ మధ్యలో ఇంకో చప్పుడు కలిసింది. టక్. కాస్త ఆగి మళ్ళీ టక్. కీబోర్డు మీద వేలు వేసిన చప్పుడు.

“ఏం నొక్కావే?” అంది అత్త.

“ఏం లేదత్తా,” అంది మేనకోడలు.

పంకా సర్దుకుంది. రాగం మాత్రం మోగలేదు.

“తెర మీద ఏముంది?”

“నల్లగా ఉంది.”

“మొత్తం నలుపేనా?”

“అక్షరాలున్నాయి. తెల్లవి.”

“ఏమని?”

కుర్చీ కిర్రుమంది.

ఈ మేనకోడలిని ఇంట్లో అందరూ మైకు అంటారు. పేరు పెట్టింది మామయ్య. పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా మాట్లాడుతుందని పెట్టాడు. ఊరి బడిలో చదువు ముగించుకుని, కాలేజీ కోసం అత్త ఇంటికి వచ్చిన కొత్తలో పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఇంగ్లీషు ముక్క చదవమంటే ఆ ఉన్న కాస్త గొంతూ లోపలికి పోతుంది. బడిలో ఒకసారి పైకి చదివితే తరగతంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లోంచి పోలేదు.

అత్త సంగతి వేరు. ఆమెకు గొంతు ఉంది, చూపే లేదు. పూర్తిగా పోలేదు, మధ్యలో అరిగిపోయింది. పక్కనుంచి మనిషి ఆకారం, కిటికీ వెలుతురు తెలుస్తాయి. సూటిగా చూస్తే మాత్రం ఏదైనా మసక ముద్దే. చూపు బాగున్న రోజుల్లో ఆమె ఒక అచ్చు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. ఆమె చేతిలోంచి వెళ్ళిన పేజీలో తప్పు వెతకడం దండగ అని కంపోజింగు వాళ్ళే ఒప్పుకునేవారు. చూపు తగ్గాక ప్రెస్సు వాళ్ళు మర్యాదగానే ఇంటికి పంపారు. మర్యాదగా పంపడం ఇంకా బాధ అనిపించింది ఆమెకు.

తర్వాత ఈ కంప్యూటరు వచ్చింది. ఇందులో లినక్సు అనే సిస్టం వేయించుకుని, దాని డెస్క్‌టాప్‌లో ఉండే భూతద్దాన్ని తన కంటికి తగ్గట్టు అమర్చుకుంది. రెండు మీటలు కలిపి నొక్కితే తెర మీది అక్షరం అరచేయంత పెద్దదవుతుంది. నలుపు మీద పసుపు రంగు. ఒకసారికి రెండు మూడు మాటలే కనిపిస్తాయి, మిగతా పేజీ అంతా తెర అంచుల అవతల ఉంటుంది. అయినా చదవగలుగుతోంది. చదవగలుగుతున్నానని ప్రెస్సు మేనేజరు వెంట పడి పడి ఒప్పించింది.

ఆయన నిన్న సాయంత్రం మొదటి ఫారం, అంటే ఒకేసారి అచ్చుకెళ్ళే పేజీల ప్రూఫు, పంపాడు. పాముల గురించి పిల్లలు చదివే పుస్తకం. “ఇది చూసి పంపండి మేడమ్. రేపు నాలుగింటికి అచ్చు ప్లేట్లు చెయ్యాలి. అందకపోతే ఇంకొకరితో చేయించుకుంటాను, ఏమీ అనుకోకండి. మళ్ళీ మళ్ళీ ప్రయోగాలు చెయ్యలేను,” అన్నాడు. ఈ ఒక్క ఫారం నాలుగింటికి అందితే ఆమె మళ్ళీ ప్రూఫ్‌రీడరు. అందకపోతే ఇంట్లో కూర్చున్న మనిషి. అంతే తేడా.

ప్రూఫు తెరవగానే తెర మీద గీతలు మొదలయ్యాయి. బొమ్మను తెర మీదకు పంపే గ్రాఫిక్స్ కార్డు చివరి రోజుల్లో ఉంది. సందు చివరి దుకాణం మెకానిక్కు ఫోన్ చేస్తే, పాత రకం ఇప్పుడు దొరకదనీ, వేరే కంపెనీ కార్డు ఉందనీ చెప్పాడు. కార్డు మారితే దానితో మాట్లాడటం సిస్టానికి నేర్పే డ్రైవరు కూడా మారాలి. అత్త ఆ గీతల మధ్యనుంచే, భూతద్దం కింద మాట మాట వెతుక్కుంటూ, కొత్త డ్రైవరు ఎక్కించుకుంది. ఎక్కించేటప్పుడు ఒక పెట్టె వచ్చి పాస్‌వర్డు అడిగింది, ఇచ్చింది. పొద్దున మెకానిక్కు వచ్చి పాత కార్డు పీకేసరికి అది మాడు వాసన కొట్టింది. కొత్తది బిగించి, ఎక్కడో ఆఫీసులో మెషిన్లన్నీ ఆగిపోయాయని ఫోన్ వస్తే ఉరుకుల మీద వెళ్ళిపోయాడు. ఇక వెనక్కి వెళ్ళడానికి పాత కార్డు లేదు. ముందుకు వెళ్ళడానికి ఈ నల్ల తెర ఒక్కటే ఉంది.

భూతద్దం ఉండేది డెస్క్‌టాప్‌లో. నల్ల తెర మీద అది లేదు. అంటే ఈ తెరను చదివే దారి అత్తకు లేదు.

“సరే, కీబోర్డు ఇలా ఇయ్యి,” అంది అత్త.

ఆమె వేళ్ళకు చూపు అక్కర్లేదు. పేరు కొట్టింది, పాస్‌వర్డు కొట్టింది, డెస్క్‌టాప్‌ను లేపే ఆదేశం కొట్టింది. ఆగింది.

“ఏమొచ్చింది?”

“చాలా వరసలొచ్చాయి.”

“చివర ఏముంది?”

“ఎర్రర్ అని ఉంది.”

“ఏ ఎర్రరమ్మా? అందులో నూట తొంభై రకాలుంటాయి.”

“ఫెయిల్డ్ అని కూడా ఉంది,” అంది మైకు, ఇంకా మెల్లగా.

“అది నాకూ తెలుస్తూనే ఉంది. ఏది ఫెయిలు?”

అత్త డ్రైవరును తీసేసి మళ్ళీ ఎక్కించాలా, లేక ఉన్నదాన్నే లేపాలా అని ఆలోచించింది. ఉన్నదాన్ని లేపి చూసింది. పడుకునే ఉంది. మెకానిక్కుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. డ్రైవరు ఎక్కిందా లేదా అని సిస్టాన్నే అడిగింది. “ఇన్‌స్టాల్డ్ అని ఉంది,” అని మైకు చెప్పింది. ఎక్కింది, అయినా పనిచెయ్యదు. ఇదెక్కడి తంటా అని తల పట్టుకుంది.

మామయ్య బస్సు నడుపుతాడు. మధ్యాహ్నం ట్రిప్పు మధ్యలో ఫోన్ చేశాడు.

“అయిందా పని?”

“ఏం అవడం. కార్డుంది, డ్రైవరే లేవట్లేదు.”

“డ్రైవరు కావాలంటే చెప్పు, సెలవు పెట్టి వచ్చేస్తా. నేనైతే కొట్టకుండానే లేస్తాను.”

మైకు ముక్కులోంచి చిన్న నవ్వు వచ్చింది. అత్తకు రాలేదు. “పెట్టేయండి ఫోన్,” అని తనే పెట్టేసింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. మామూలుగా దాని చప్పుడు వినపడదు. ఇవాళ గదంతా అదే ఉంది.

మళ్ళీ ఇంకో ఆదేశం కొట్టింది. కొత్త కార్డు గురించి సిస్టం పొద్దున్నుంచీ రాసుకున్నదంతా చూపించమని.

“చదువు.”

“చాలా ఉంది అత్తా.”

“ఉన్నదంతా చదువు.”

“ముఖ్యమైనవి చదవనా?”

“ఏది ముఖ్యమో నీకెలా తెలుస్తుంది?” అత్త గొంతు లేచింది. “పొద్దున్నుంచీ చూస్తున్నా. నోరు తెరిస్తే ముత్యాలేమన్నా రాలిపోతాయా? నాకు కళ్ళుంటే నిన్ను బతిమాలే అవసరమే లేదు.”

కుర్చీ వెనక్కి జరిగింది. అడుగులు గుమ్మం దాకా వెళ్ళి ఆగాయి. గుమ్మం దగ్గర వెలుతురులో ఒక సన్నని నీడ నిలబడి ఉంది, లోపలికీ రాకుండా, బయటికీ పోకుండా.

అత్త కూడా కదల్లేదు. అన్న మాట అన్నాక తన చెవికే గుచ్చుకుంది. ప్రెస్సులో తను ఎవరినీ ఇలా కసిరింది లేదు. అక్కడ ఎదురుగా కూర్చునే కాపీ హోల్డరు మీదే తన పని సగం నడిచేది. అసలు రాతప్రతి ఆయన చేతిలో ఉండేది, అచ్చు ప్రూఫు తన ముందు. ఆయన పైకి చదువుతుంటే తను అచ్చులో కళ్ళతో వెంబడించేది. కామా వస్తే కామా అనేవాడు, చుక్క వస్తే చుక్క అనేవాడు, పేరా మారితే పేరా అనేవాడు. రాగం లేదు, తొందర లేదు. ఆయన్ను ‘ఇందులో ముఖ్యమైనది ఏమిటి’ అని తను ఒక్క రోజూ అడగలేదు. ఈ పిల్లను మాత్రం పొద్దున్నుంచీ అదే అడుగుతోంది. అడిగి, తెలియదంటే కసురుతోంది.

“ఇలా రా,” అంది అత్త. “తిట్టను, రా.”

అడుగులు వచ్చాయి.

“మా ప్రెస్సులో కాపీ చదివే ఆయనకి ఇంగ్లీషు రాదు. అక్షరాలు వచ్చు, అంతే. అయినా ఇంగ్లీషు పుస్తకాలు కూడా మేమిద్దరం చూసేవాళ్ళం. ఎలా అనుకున్నావు?”

“ఎలా?”

“అక్షరం అక్షరం చెప్పేవాడు. మాట కలపడం నా పని. నువ్వు కూడా అంతే. పలకొద్దు, అర్థం చెప్పొద్దు. అక్షరం కనిపిస్తే అక్షరం, చుక్క కనిపిస్తే చుక్క, ఖాళీ ఉంటే ఖాళీ. ఒక్కటీ వదలకు. ఏది పనికొస్తుందో నేను చూసుకుంటా. నవ్వేవాళ్ళెవరూ లేరిక్కడ.”

మైకు కుర్చీ ముందుకు లాక్కుంది. మొదటి వరస గొణిగినట్టే వచ్చింది. రెండోదానికి కాస్త తెరిపి. మూడో నాలుగో వరసకొచ్చేసరికి సన్నగానే అయినా ఆగకుండా వస్తోంది. అత్త కళ్ళు మూసుకుని అక్షరాలను మాటలుగా కలుపుకుంటోంది. పనికిరాదు. ఇదీ పనికిరాదు. ఇది కార్డును గుర్తుపట్టినట్టు చెబుతోంది, మంచిదే.

“కె, ఇ, వై. ఖాళీ. డబ్ల్యు, ఎ, ఎస్. ఖాళీ. ఆర్, ఇ, జె, ఇ, సి, టి, ఇ, డి...”

“ఆగు,” అంది అత్త.

తాళంచెవిని తిరస్కరించాం. సిస్టం అంటున్నది అదీ. ఏ తాళంచెవి? అత్తకు గీతల తెర మీద వచ్చిన ఆ పాస్‌వర్డు పెట్టె గుర్తొచ్చింది. ఆ వెంటనే, ఎందుకో, పొద్దున విన్న చప్పుడు గుర్తొచ్చింది. టక్, కాస్త ఆగి టక్.

“పొద్దున మెషిన్ లేచేటప్పుడు రెండుసార్లు నొక్కావు. ఊరికే అడుగుతున్నా. ఎందుకు నొక్కావు?”

మైకు గొంతు సవరించుకుంది. “నీలం పేజీ వచ్చింది.”

“నీలమా?”

“తెరంతా నీలం. ఏదో ఒకటి నొక్కమంది, పక్కన అంకెలు తగ్గుతున్నాయి. భయమేసి నొక్కాను. తర్వాత నాలుగైదు వరసలొచ్చాయి. మొదటిది కంటిన్యూ అని ఉంది. కంటిన్యూ అంటే ముందుకెళ్ళమనేగా అని నొక్కాను.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు మొత్తం నలుపేనా అని అడిగావు అత్తా. అప్పటికి నీలం పోయింది.”

అత్త నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆమెకు అంతా అర్థమైంది. కొత్త డ్రైవరును ఈ మెషిన్ ఊరికే లోపలికి రానివ్వదు. దాని తాళంచెవిని యజమాని ఒప్పుకోవాలి. ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డు పెట్టించుకుని, తర్వాతిసారి లేచేటప్పుడు నీలం పేజీలో అదే పాస్‌వర్డు అడిగి, అప్పుడు తలుపు తీస్తుంది. ఆ సంగతంతా ఆ పెట్టె పైభాగంలో రాసే ఉండాలి. ఆమె భూతద్దం కింద పడింది పెట్టె ఒక్కటే. పైన రాసింది తెర అంచు అవతల ఉండిపోయింది. తను చదవకుండా పాస్‌వర్డు ఇచ్చింది, ఈ పిల్ల చదవకుండా ముందుకు పొమ్మంది.

“ఇద్దరం సరిపోయాం,” అంది అత్త. “టైమెంతయింది?”

“రెండు దాటింది.”

తాళంచెవిని మళ్ళీ సమర్పించే ఆదేశం ఆమెకు సగమే గుర్తుంది. ఆ తాళంచెవి ఫైలు డిస్కులో ఏ అరలో ఉందో తెలియదు. అరలన్నీ చూపించమని అడిగింది. మైకు ఒక్కో పేరూ అక్షరాలుగా చెప్పుకుంటూ పోయింది, చుక్కలతో, గీతలతో. ఒక పేరు దగ్గర అత్త ఆపి రెండోసారి చెప్పించుకుంది. ఆ పేరు కొట్టింది. పాస్‌వర్డు అడిగింది, పెట్టింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ పెట్టింది.

“ఇప్పుడు ఆపి లేపుతున్నా. నీలం వస్తుంది. తప్పిపోతే ఇదంతా మళ్ళీ మొదటినుంచి. నువ్వు ఏం చూస్తే అది చెప్పు, నేను చెప్పేదాకా ఏదీ నొక్కకు.”

“అంకెలు తగ్గుతుంటే?”

“తగ్గుతున్నాయని చెప్పు.”

పంకా ఆగింది. గదిలో గడియారం ఒక్కటే మిగిలింది. పంకా మళ్ళీ గుర్రుమంది.

“నలుపు. ఇంకా నలుపే. వచ్చింది, నీలం. అంకెలు తగ్గుతున్నాయి అత్తా, తొమ్మిది, ఎనిమిది...”

“నొక్కు.”

టక్.

“వరసలొచ్చాయి. మొదటిది కంటిన్యూ. రెండోది ఇ, ఎన్, ఆర్, ఓ...”

“ఎన్‌రోల్. అదే. కింది బాణం ఒకసారి, తర్వాత ఎంటరు.”

టక్. టక్. “ఇంకో పేజీ. మళ్ళీ కంటిన్యూ అని ఉంది.”

“ఇప్పుడు దాన్ని నొక్కొచ్చు.”

“వై, ఇ, ఎస్. ఎన్, ఓ. రెండూ ఉన్నాయి. నో మీద ఉంది ఇప్పుడు.”

“ఎస్ మీదకి తెచ్చి నొక్కు.”

“పాస్‌వర్డు అడుగుతోంది.”

అత్త కీబోర్డు తన వైపు తిప్పుకుంది. వేళ్ళకు చెమట పట్టింది. కొంగుకు తుడుచుకుని, ఒక్కో అక్షరం ఆగి ఆగి కొట్టింది.

“ఏమీ పడట్లేదు తెర మీద,” అంది మైకు.

“పడదు. అది చూపించదు. అందుకే భయం.” ఎంటరు కొట్టింది.

“ఆర్, ఇ, బి, ఓ, ఓ, టి.”

“నొక్కు.”

పంకా మరోసారి ఆగి లేచింది. సర్దుకుంది. చిన్న రాగం మోగింది.

అత్త మైకు భుజం వెతికి ఒకసారి నొక్కింది, అంతే. లాగిన్ అయింది. డెస్క్‌టాప్ వచ్చిందని మైకు చెప్పింది. అత్త రెండు మీటలు కలిపి నొక్కింది, భూతద్దం కోసం. ఎదురుగా పసుపు రావాలి. రాలేదు. ఏదో మసకగా వణికింది.

“పెద్దదైంది,” అంది మైకు. “కానీ సగం తెర నల్లగా ఉంది. మిగతా సగం వెలిగి ఆరుతోంది. అక్షరాలు చిరిగిపోయినట్టున్నాయి.”

అత్త కుర్చీలో వెనక్కి వాలింది. ఇంత దూరం వచ్చి ఇదా. డ్రైవరు లేచింది, కార్డు పనిచేస్తోంది, డెస్క్‌టాప్ వచ్చింది, తనకు కావలసిన ఆ ఒక్క భూతద్దం మాత్రం ఈ ముగ్గురితో పడటం లేదు. బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ అయి చూద్దామని బయటికి వచ్చింది. మేనేజరుకు ఫోన్ చేసి గంట అడగాలా అనుకుంది. అడిగితే ఆయన ఏమంటాడో తెలుసు. ఏమీ అనుకోకండి మేడమ్.

“అత్తా,” అంది మైకు. ఎవరూ అడగలేదు, తనే అంది. “ఈ లాగిన్ పేజీలో కింద మూల ఒక పళ్ళచక్రం బొమ్మ ఉంది. చిన్నది. ఇందాక కూడా ఉంది. నువ్వు అడగలేదు.”

అత్త నిటారుగా కూర్చుంది. ఆ చక్రం సంగతే ఆమె మరిచిపోయింది. ఈ డెస్క్‌టాప్ రెండు రకాలుగా తెరుచుకోగలదు, ఒకటి కొత్త పద్ధతి, ఒకటి పాత పద్ధతి. పాత కార్డుతో ఏది తెరిచినా నడిచేది, అందుకే ఇన్నాళ్ళూ ఆ చక్రం జోలికి పోలేదు. కొత్త కార్డుకు కొత్త పద్ధతితో పొసగడం లేదేమో.

“దాని మీద నొక్కు. ఏమొచ్చిందో చెప్పు.”

మైకు చెప్పింది. చుక్క పెట్టి ఉన్నది వదిలేసి రెండోది ఎంచుకోమంది అత్త. లోపలికి వెళ్ళాక రెండు మీటలు నొక్కింది.

నల్లటి తెర మీద పసుపుపచ్చటి ‘పా’ ఒకటి అరచేయంత పెద్దగా, నిశ్చలంగా వచ్చి నిలబడింది. నిన్న తెరిచి వదిలేసిన ప్రూఫు ఫైలు పేరులో మొదటి అక్షరం. అత్త దాన్నే చూస్తూ ఒక క్షణం ఉండిపోయింది.

“మూడవుతోంది అత్తా,” అంది మైకు.

భూతద్దం కింద ఒక్కతే ఫారం మొత్తం చూడాలంటే రాత్రవుతుంది. ప్రెస్సు పంపిన రాతప్రతి కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. అత్త వాటిని తడిమి మేనకోడలి చేతిలో పెట్టింది. “ఇది తెలుగే. మాటలు పలకొచ్చు. కామాలు మాత్రం వదలకు.”

మైకు చదవడం మొదలుపెట్టింది. అత్త చూపు పసుపు అక్షరాల వెంట పరుగెత్తింది. కామా. చుక్క. పేరా. దీర్ఘం పోయింది, గుర్తు పెట్టు. చుక్క. ఒత్తు తప్పు, గుర్తు పెట్టు. గొంతు ఎండిపోతే మైకు నీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది. ఇంతసేపు ఇంత గట్టిగా ఆ పిల్ల మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదలు. గట్టిగా అంటే, గది దాటి వినపడదు. గదిలో మాత్రం వినపడుతోంది.

చివరి పేజీలకు వచ్చారు. పాము కాటు వేస్తే ఏం చెయ్యాలో చెప్పే పేజీ. కదలకుండా పడుకోబెట్టాలి, చుక్క. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, చుక్క.

“కొత్త శీర్షిక,” అని చదివింది మైకు. “చేయకూడని పనులు. తాడుతో బిగించి కట్టడం, కామా, గాయాన్ని కోయడం, కామా...”

“ఆగు. శీర్షికా?”

“ఊ. లావు అక్షరాలు.”

అత్త తెరను పైకి జరిపింది, కిందికి జరిపింది. తెర మీద ఆసుపత్రి తర్వాత నేరుగా తాడు ఉంది. మధ్యలో శీర్షిక లేదు. పేజీ మొదట్లో ‘చేయవలసిన పనులు’ అన్న ఒక్క శీర్షికే ఉంది. దాని కిందే కట్టడం, కోయడం, అన్నీ కలిసి వరసగా నిలబడ్డాయి.

రెండు మాటలు కనిపించే తెరలో, లేని శీర్షిక ఎక్కడ కనిపిస్తుంది. ఒక్కతే చూసి ఉంటే తను దీన్ని సాఫీగా దాటిపోయేది. అచ్చులో ఉన్న ప్రతి అక్షరమూ సరిగ్గానే ఉంది మరి. అత్త వీపు మీద చల్లగా ఏదో పాకినట్టయింది.

గుర్తు పెట్టింది. మిగతా పేజీలు ముగించారు. పంపే మీట నొక్కేటప్పటికి గడియారం ముల్లు నాలుగు మీదకు వచ్చేసిందని మైకు చెప్పింది. పంపింది. మేనేజరుకు ఫోన్ చేసి, “పాము కాటు పేజీలో శీర్షిక పోయింది, ప్లేటు చెయ్యకముందు మీరే ఒకసారి చూడండి,” అంది.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు.

“అమ్మో,” అన్నాడాయన చివరికి. “ఇక్కడ ముగ్గురం చూశాం మేడమ్ దీన్ని.” పెన్ను గీరిన చప్పుడు. “రెండో ఫారం రేపు పొద్దున పంపిస్తాను. ఎల్లుండికి కావాలి, కుదురుతుందా?”

“కుదురుతుంది,” అంది అత్త. ఫోన్ పెట్టి మైకు వైపు తిరిగింది.

“మీ మామయ్య రాగానే చెప్పాలి, డ్రైవరు దొరికాడు సెలవు అక్కర్లేదని,” అంది. “ఇంకో ఫారం వస్తోంది. కాలేజీ నుంచి వచ్చాక కూర్చుంటావా?”

“కూర్చుంటాను,” అంది మైకు. అంతలోనే ముందుకు వంగింది. “అత్తా, తెర మీద కుడి మూల ఒక చిన్న పెట్టె వచ్చింది. ఎస్, ఓ, ఎఫ్, టి... సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్. ఖాళీ. కొత్తవి ఉన్నాయట, చుక్క. ఇప్పుడు ఎక్కించమంటారా అని అడుగుతోంది. కింద రెండున్నాయి. ఇప్పుడే, తర్వాత.”

అత్త కీబోర్డును రెండు చేతులతో మెల్లగా దూరంగా జరిపింది.

“తర్వాత,” అంది. “ఇద్దరం పైన రాసింది మొత్తం చదివాక.”